ఇంజన్ ఆయిల్, బేరింగ్ గ్రీజు తుపాకీకి వాడొచ్చా?

మీ ప్రశ్న ఇది. ఇంట్లో లైసెన్సున్న 12 బోర్ డబుల్ బ్యారెల్ ఒకటి, కాన్పూర్ .32 రివాల్వర్ ఒకటి ఉన్నాయి. కారు సర్వీసింగులో మిగిలిన 5డబ్ల్యూ-30 సింథటిక్ ఆయిల్ అర లీటరు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్న ఏపీ3 బేరింగ్ గ్రీజు డబ్బా చేతిలో ఉన్నాయి. విదేశీ గన్ ఆయిల్ చిన్న సీసాకే చాలా ధర పెట్టాలి కాబట్టి వీటితో సరిపెట్టుకోవచ్చా? గచ్చిబౌలి రేంజ్‌లో నేర్చుకుంటున్న మీ అబ్బాయి ఎయిర్ రైఫిల్‌కి కూడా ఇవే వేయొచ్చా?

రెండు తుపాకులకూ వాడొచ్చు. ఎయిర్ రైఫిల్‌కి మాత్రం ఒక్క చుక్క కూడా వేయకండి. అది ప్రాణానికి ముప్పు తెచ్చే విషయం కాబట్టి కింద దాని గురించి విడిగా రాస్తున్నాను.

ముందు ఆయిల్ సంగతి. తుపాకీలో ఆయిల్ రెండు పనులు చేయాలి: కదిలే భాగాల మధ్య అరుగుదల తగ్గించాలి, బీరువాలో ఉన్నన్నాళ్లూ తుప్పు పట్టకుండా చూడాలి. మంచి ఇంజన్ ఆయిల్ మొదటి పనిని బాగా చేస్తుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే క్రాంక్ షాఫ్ట్‌ని కాపాడేదానికి, ఒక పూటలో ఏ యాభై సార్లో తెరిచి మూసే తుపాకీ పెద్ద పరీక్షేమీ కాదు. అందులోని డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు మసిని గడ్డ కట్టనివ్వకుండా ఆయిల్‌లోనే తేల్చి ఉంచుతాయి, అందుకే తర్వాత తుడిస్తే మసి తేలిగ్గా వస్తుంది. జింకు ఆధారిత అరుగుదల నిరోధకం కూడా ఉంటుంది గానీ, అది బాగా పనిచేయాలంటే ఒత్తిడీ వేడీ రెండూ కావాలి. తుపాకీలో దాని లాభం కొద్దిగానే ఉంటుంది.

తేడా వచ్చేది రెండో పనిలో. ఇంజన్‌లో పేరుకునే తేమని చుక్కలుగా విడిపోనివ్వకుండా తనలో కలుపుకుని పట్టి ఉంచేలా ఇంజన్ ఆయిల్‌ని తయారుచేస్తారు. ఇంజన్ వేడెక్కినప్పుడల్లా ఆ తేమ ఆవిరైపోతుంది. మీ తుపాకీ అలా వేడెక్కదు. జులై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆయిల్ పొరలో చేరిన నీరు అక్కడే ఉండిపోతుంది. దానికి చేతి చెమటలోని ఉప్పు తోడైతే బ్లూయింగ్ (నీలి నలుపు పూత) చేసిన ఉక్కు మీద ఎర్రటి చుక్కలు మొదలవుతాయి. కాబట్టి కాల్పుల రోజున ఇంజన్ ఆయిల్ వేయండి, నెలల తరబడి దాచేటప్పుడు వేరేది వాడండి. ఆ వేరేదేమిటో నిల్వ సంగతికి వచ్చినప్పుడు చెబుతాను.

ఏ గ్రేడు? 30 అనే అంకె ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది: 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలత) మధ్య. ముందుండే 5డబ్ల్యూ చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. హైదరాబాద్‌లో చలికాలం తెల్లవారుజామున పది డిగ్రీల దగ్గరికి దిగడమే ఎక్కువ కాబట్టి ఆ ముందు అంకెకి ఇక్కడ పెద్ద విలువ లేదు. మే నెలలో నలభై దాటే ఎండ వేరే రకం ఇబ్బంది పెడుతుంది. మరీ పలచని ఆయిల్ భాగాల మీద నిలవక కిందికి కారిపోతుంది. మీ 5డబ్ల్యూ-30 మధ్యస్తంగా ఉంటుంది, దాన్నే వాడండి. పాత బైకులకి వాడే 20డబ్ల్యూ-50 డబుల్ బ్యారెల్ కీలుకి పర్వాలేదు గానీ, రివాల్వర్ లోపలి సన్నని భాగాలకి మరీ చిక్కన. ఇంజన్ నుంచి దించిన నల్ల ఆయిల్‌ని మాత్రం ఎంత వడగట్టినా వాడొద్దు. అందులో ఆమ్లాలు, లోహపు పొడి, కాలిన ఇంధనపు అవశేషాలు ఉంటాయి. అవి ఉక్కుని తింటాయి, చర్మానికి కేన్సర్ ముప్పు తెస్తాయి.

మీ దగ్గర ఉన్న జాబితాలో లేదు గానీ, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అంటే ఏటీఎఫ్, చిన్న భాగాలకి ఇంజన్ ఆయిల్ కన్నా బాగుంటుంది. డెక్స్‌రాన్ 3 రకం 40 డిగ్రీల దగ్గర దాదాపు 35 సెంటీస్టోక్స్ మాత్రమే, అంటే 5డబ్ల్యూ-30లో ఇంచుమించు సగం చిక్కదనం. సందుల్లోకి సులువుగా దిగుతుంది. ఎర్ర రంగు వల్ల ఎక్కడ వేశారో కనిపిస్తుంది కూడా. రివాల్వర్‌కి నేను సూచించేది ఇదే. ఏటీఎఫ్, కిరోసిన్, మినరల్ టర్పెంటైన్, అసిటోన్ సమపాళ్లలో కలిపి చేసే బోర్ క్లీనర్ ఒకటి తుపాకీలవాళ్లలో ఎడ్స్ రెడ్ అనే పేరుతో చాలాకాలంగా వాడుకలో ఉంది. పని బాగా చేస్తుంది, కానీ అసిటోన్ కర్ర వార్నిష్‌నీ ప్లాస్టిక్ పట్టీలనీ కరిగిస్తుంది, ఆవిరి అంటుకుంటుంది. కలిపేది, వాడేది బయట గాలిలో, వంటింటికి దూరంగా ఉండాలి.

గేర్ ఆయిల్ జోలికి వెళ్లొద్దు. లారీ డిఫరెన్షియల్‌కి వాడే 80డబ్ల్యూ-90 జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ ఎక్కువ. ఆ గంధకం వేడిలో ఇత్తడినీ కంచునీ నల్లబరుస్తుంది, వాసన గది నిండా ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గ్లైకాల్ కాబట్టి అది వార్నిష్‌ని లేపేస్తుంది, గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రే ఊడదీసిన ఉక్కు భాగాల మురికి కడగడానికి మంచిదే, కానీ అది ఉన్న నూనెనంతా తీసేస్తుంది. కడిగిన అదే పూట మళ్లీ ఆయిల్ వేయకపోతే మరునాటికే తుప్పు మొదలవుతుంది.

ఇళ్లలో కనిపించే మరో రెండు నూనెల మాట. కుట్టు మిషన్ ఆయిల్ శుభ్రమైన పలచని మినరల్ ఆయిల్. కదలికకి సరే గానీ తుప్పుని ఎక్కువకాలం ఆపదు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున రివాల్వర్‌లో గడ్డకట్టిన కొబ్బరి నూనె ఉంటే సుత్తి దెబ్బ నెమ్మదిస్తుంది, తూటా పేలకపోవచ్చు. వేరుశనగ నూనె లాంటివి గాలికి జిగురుగా మారతాయి. వంటింటి నూనె ఏదీ తుపాకీ లోపలికి పోకూడదు.

ఇక గ్రీజు. తిరిగే చోట ఆయిల్, బరువు మోస్తూ జారే చోట గ్రీజు అని గుర్తుంచుకుంటే తొంభై శాతం పని అయిపోయినట్టే. దీనికి చరిత్రలో గట్టి ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఎం1 గారాండ్ రైఫిల్‌లో వేసిన ఆయిల్ వర్షానికి కొట్టుకుపోయి బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనక మూసే ఉక్కు భాగం) బిగుసుకునేది. లూబ్రిప్లేట్ అనే గ్రీజు ఇచ్చాక ఆ బాధ తగ్గింది. రుద్దుకునే ఉపరితలం మీద గ్రీజు నిలబడుతుంది, వర్షానికి పోదు. ఆయిల్‌కి ఆ గుణం లేదు.

మీ ఏపీ3 డబ్బాలో ఉన్నది సాధారణంగా లిథియం సబ్బుతో చేసిన 3వ గ్రేడు గ్రీజు. గ్రేడు అంటే గట్టిదనం. కొలత పరికరపు శంకువు 3వ గ్రేడు గ్రీజులోకి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున 220 నుంచి 250 వరకు దిగుతుంది, 2వ గ్రేడులోకి 265 నుంచి 295 వరకు. ఇక్కడి ఎండలకి 3వ గ్రేడు బాగుంటుంది, కానీ సన్నని సందులకి కొంచెం గట్టి. చిన్న మూతలో నాలుగు వంతుల గ్రీజుకి ఒక వంతు మీ 5డబ్ల్యూ-30 వేసి అగ్గిపుల్లతో కలపండి, అది 2వ గ్రేడు దగ్గరికి వస్తుంది. లిథియం గ్రీజు దాదాపు 180 డిగ్రీల దాకా కరగదు, డబుల్ బ్యారెల్ కీలు దగ్గర అంత వేడి ఎప్పుడూ రాదు. చవగ్గా దొరికే పసుపు కాల్షియం ఛాసిస్ గ్రీజు నీటికి బాగా నిలుస్తుంది గానీ వంద డిగ్రీల లోపే కరుగుతుంది. సీవీ జాయింట్‌లో వాడే నల్లటి మాలిబ్డినం గ్రీజు భారీ ఒత్తిడి పడే చోట అన్నిటికన్నా మంచిది, కాకపోతే చేతికీ బట్టకీ అంటితే వదలదు.

ఒక గ్రీజు మీద ఇంకో రకం వేయకండి. లిథియం గ్రీజు మీద పాలీయూరియా లేదా బెంటోనైట్ బంకమట్టి గ్రీజు కలిస్తే రెండూ నీరుగారి కారిపోవచ్చు. పాతదాన్ని కిరోసిన్‌లో ముంచిన టూత్ బ్రష్‌తో పూర్తిగా తీసేశాకే కొత్తది వేయండి.

ఇప్పుడు డబుల్ బ్యారెల్‌కి ఎక్కడ, ఎంత. తెరిచి, తూటాలు కూర్చునే రెండు గదులూ (ఛాంబర్లు) ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి వేలితో తడిమి, తూటాలు ఇంట్లో వేరే గదిలో పెట్టాక, ముందు కర్ర (బ్యారెళ్ల కింద చేత్తో పట్టుకునే చెక్క), బ్యారెళ్లు, కుందా మూడుగా విడదీయండి. బ్యారెల్‌ని వెనక గది వైపు నుంచి మూతి వైపుకే తోయాలి. కిరోసిన్ తడిపిన గుడ్డ ఒకటి, కంచు బ్రష్ ఎనిమిది పది సార్లు, తర్వాత పొడి పాత బనియన్ గుడ్డలు తెల్లగా వచ్చేదాకా. కిరోసిన్ ఆరిపోయాక ఉక్కుకి రక్షణ ఉండదు, కాబట్టి చివరి గుడ్డకి రెండు చుక్కల ఆయిల్ అద్ది ఒకసారి లాగండి.

గ్రీజు పడాల్సిన చోట్లు నాలుగు: బ్యారెళ్లు తిరిగే కీలు మేకు, దాని మీద కూర్చునే ముందు కర్ర ఇనుము వంపు, బ్యారెళ్ల కింద పొడుచుకొచ్చిన ఉక్కు దిమ్మ (లంప్) పక్కలు, తాళం నాలుక దిగే గాట్లు. ఒక్కో చోట అగ్గిపుల్ల కొనతో తీసినంత, వేలితో రుద్దితే లోహం మెరుపు ఇంకా కనిపించేంత పలచగా. మళ్లీ బిగించి పది సార్లు తెరిచి మూస్తే అంచుల్లో ఉబ్బిన గ్రీజంతా బయటికొస్తుంది, అదంతా తుడిచేయండి. బయట నిలిచిన గ్రీజు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ నిర్మాణాల దుమ్ముని పట్టుకుంటుంది. ఇక్కడి నేల గ్రానైట్ రాయి, ఆ ధూళిలో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, అవి ఉక్కు కన్నా గట్టివి. గ్రీజులో కలిసిన క్వార్ట్జ్ కీలుని సానరాయిలా అరగదీస్తుంది. కీలు వదులై బ్యారెళ్లు ఊగే దశకి తుపాకీ రావడానికి, దుమ్ము పట్టిన గ్రీజుని ఏళ్ల తరబడి తీయకపోవడం కూడా ఒక కారణం.

ఖాళీ డొల్లని బయటికి తోసే ఎజెక్టర్ జారే గాడికి ఒక చుక్క ఆయిల్ చాలు. ట్రిగ్గర్, లోపలి లాక్ పనికి గ్రీజు ఎప్పుడూ వద్దు, ఆయిల్ కూడా పొయ్యొద్దు. సియర్ (సుత్తిని పట్టి ఉంచే కొక్కెం) అంచు మీద గ్రీజు పేరుకుంటే ట్రిగ్గర్ తిరిగి తన చోటికి పూర్తిగా రాదు. స్ట్రైకర్ (తూటా అడుగుని కొట్టే సూది) రంధ్రంలో చిక్కని ఆయిల్ చేరితే దెబ్బ మెత్తబడి తూటా పేలదు. ట్రిగ్గర్ బరువు మారినట్టు అనిపించినా, కీలు ఊగినా లాక్ విప్పకండి. శుభ్రం చేయడం, ఆయిల్ వేయడం మీ పని. మరమ్మతు అనేది ఆయుధ చట్టం 1959లోని సెక్షన్ 5 కింద లైసెన్సున్న డీలరు చేయాల్సిన పని. విడి చోక్‌లు (మూతి చివర మరలతో బిగించే చిన్న గొట్టాలు) ఉన్న విదేశీ తుపాకీ అయితే చోక్ మరల మీద ఆటోమొబైల్ కాపర్ యాంటీసీజ్ పేస్టు చాలా బాగా పనిచేస్తుంది. పొడిగా బిగించిన చోక్ వేడికి అతుక్కుపోతే తీయడం పెద్ద తలనొప్పి.

తుపాకీని ఎలా నిలబెడతారన్నది చాలామంది పట్టించుకోరు. మూతి పైకి ఉంటే బ్యారెల్ ఆయిల్ అంతా మెల్లగా లోపలికి దిగి, యాక్షన్ (తెరిచి మూసే, పేల్చే యంత్రాంగం) దాటి కుందా కర్రలోకి ఇంకుతుంది. నల్లబడి మెత్తబడిన కర్ర కొన్నేళ్లకి యాక్షన్ వెనక చీలుతుంది. మూతి కింద మెత్తని గుడ్డ పెట్టి బోర్లించి నిలబెట్టండి.

రివాల్వర్. కాన్పూర్ .32 పాత వెబ్లీ తరహాలో పైనుంచి విరిచి తెరిచేది, అంటే దానికీ కింద కీలు ఉంటుంది. కీలు మేకుకి గ్రీజు, పై లాచ్‌కి చుక్క ఆయిల్, సిలిండర్ తిరిగే ఇరుసుకి ఒక చుక్క ఏటీఎఫ్ లేదా ఇంజన్ ఆయిల్, ఖాళీ డొల్లల్ని లేపే ఎక్స్‌ట్రాక్టర్ కాడకి ఒక చుక్క. అంతే. మందుల షాపులో దొరికే ఇన్సులిన్ సిరంజితో వేస్తే చుక్క మీద అదుపు ఉంటుంది. సిలిండర్ గదులు, వాటి వెనక పళ్లెం పొడిగా ఉండాలి. నూనె పట్టిన గదిలో తూటా నెలల తరబడి ఉంటే, ముఖ్యంగా డబ్ల్యూడీ-40 లాంటి చొచ్చుకుపోయే ద్రవం చల్లి ఉంటే, అది ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకి అంటుకునే చిన్న మూత) లోపలికి ఇంకి పేలుడు మందుని చంపేయొచ్చు. ఆత్మరక్షణకి ఉంచుకున్న ఆయుధానికి ఇంతకన్నా చెడు ఏముంటుంది? డబ్ల్యూడీ-40 ఉద్దేశం నీటిని తరిమేయడం. తడిసిన తుపాకీ మీద చల్లండి, తుడవండి, తర్వాత అసలు ఆయిల్ వేయండి.

బోల్ట్ రైఫిల్ ఉన్నవాళ్లకి ఒక్క మాట: బోల్ట్‌ని తాళం వేసే పళ్ల (లగ్‌ల) వెనక ముఖం, స్ట్రైకర్‌ని వెనక్కి లాగే వంపు (కాకింగ్ క్యామ్) మీద మాలిబ్డినం గ్రీజు కొద్దిగా, మిగతా బోల్ట్ మీద ఆయిల్ తడి. గది మాత్రం పొడిగా ఉండాలి. గదిలో నూనె ఉంటే తూటా డొల్ల గోడని పట్టుకోలేదు, ఆ తోపు మొత్తం బోల్ట్ మీద పడుతుంది. .22 రైఫిళ్లలో మైనం, సీసం మసితో నూనె కలిసి జిగురవుతుంది కాబట్టి బోల్ట్‌ని దాదాపు పొడిగానే నడపండి. ఏ తుపాకీ అయినా కాల్చే ముందు బ్యారెల్‌లో పొడి గుడ్డ ఒకసారి లాగి, మూతి నుంచి వెలుతురు చూడండి. గ్రీజు ముద్ద మిగిలిపోతే అది అడ్డు, ఒత్తిడి పెరిగి బ్యారెల్ ఉబ్బుతుంది.

మీ అబ్బాయి ఎయిర్ రైఫిల్ సంగతి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ ఆటకి వాడే రైఫిల్ సిలిండర్‌లో గాలి 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది, కొత్తవాటిలో 300 దాకా కూడా. గాలిని వేగంగా నొక్కితే వేడెక్కుతుంది, అక్కడ పెట్రోలియం నూనె ఆవిరి ఉంటే డీజిల్ ఇంజన్‌లో లాగే అంటుకుంటుంది. స్ప్రింగ్ రైఫిల్‌లో అయితే పెద్ద శబ్దం, పొగ, కాలిన సీలు, విరిగిన స్ప్రింగ్‌తో పోతుంది. గాలి నింపే ప్రోబ్ (సిలిండర్‌కి తగిలించే గొట్టం కొన) మీద, సిలిండర్ మరల మీద, పంపులో ఇంజన్ ఆయిల్ గానీ గ్రీజు గానీ ఉండి సిలిండర్ నింపుతుంటే పేలుడు జరగొచ్చు. ఓ-రింగులకి స్వచ్ఛమైన సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ తయారీదారు చెప్పిన చోటే. నింపేటప్పుడు వాల్వు మెల్లగా తిప్పండి, వేడి తగ్గుతుంది. డబుల్ బ్యారెల్ శుభ్రం చేసిన చేతులతో ప్రోబ్ ముట్టుకోవద్దు, ఆ గుడ్డలు వేరే పెట్టెలో ఉంచండి. సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీని కూడా చూసుకోండి.

సిలికాన్ నూనె ఎయిర్ రైఫిల్ సీళ్లకి మంచిదైనంత మాత్రాన తుపాకీ కీలుకి మంచిదనుకోవద్దు. ఉక్కు మీద ఉక్కు రుద్దుకునే చోట అది చాలా బలహీనం.

జిల్లాల్లో పంట కాపలాకి లైసెన్సున్న నాటు మజిల్ లోడర్లు (మూతి నుంచి మందు దట్టించే తుపాకులు) ఇంకా ఉన్నాయి. వాటిలో వాడే నల్ల తుపాకీ మందుకి (బ్లాక్ పౌడర్‌కి) పెట్రోలియం ఆయిల్ అస్సలు పడదు. రెండూ కలిసి తారులా గట్టిపడతాయి. ఆ మసిలోని లవణాలు నీటిలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు, తేమని కూడా పీలుస్తాయి. కాల్చిన రోజే వేడి నీళ్లతో బ్యారెల్ కడిగి, ఆ వేడికే ఆరనిచ్చి, పూర్తిగా పొడిబారాక నూనె పెట్టాలి. మళ్లీ కాల్చే ముందు ఆ నూనెని తుడిచేయాలి. తుప్పు పట్టించే లవణాలు వదిలే పాత రకం ప్రైమర్లున్న తూటాలు కాల్చినవాళ్లకీ ఇదే పద్ధతి.

నిల్వ. ఎన్నికల కోడ్ వచ్చి తుపాకీని స్టేషన్‌లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేయమంటే అది ఎన్నాళ్లు అక్కడ ఉంటుందో మీ చేతిలో ఉండదు. ఇంజన్ ఆయిల్ పూసి ఇచ్చిన తుపాకీ మచ్చలతో తిరిగి రావడానికి ఆ వ్యవధి చాలు. రాణీగంజ్‌లో మెషిన్ పనిముట్లకి అమ్మే రస్ట్ ప్రివెంటివ్ ఆయిల్ ఒక చిన్న డబ్బా తెచ్చుకోండి, అది మైనం పొరలా గట్టిగా అంటుకుని నిలుస్తుంది. లేదంటే మీ లిథియం గ్రీజునే బయట లోహమంతా పలచగా గుడ్డతో రుద్దండి, లోపల బ్యారెల్‌కి ఆయిల్ కన్నా గ్రీజు పూసిన గుడ్డ ఒకసారి లాగండి. అంతకు ముందు చెమట తడి పోయేలా కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, చేతికి గ్లోవ్ వేసుకోండి. తోలు ఒరలో పెట్టి ఇవ్వొద్దు, తోలు శుద్ధి చేసిన లవణాలు, తేమ కలిసి బ్లూయింగ్‌ని తింటాయి. గట్టి బట్ట సంచి, లోపల సిలికా జెల్ రెండు పొట్లాలు సరిపోతాయి. అప్పగించే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి రసీదుతో కలిపి దాచుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే విప్పి, గ్రీజంతా తీసి, బ్యారెల్‌లో పొడి గుడ్డ లాగి వెలుతురు చూసి, అప్పుడు మామూలు ఆయిల్ వేయండి. మీ అర లీటరు 5డబ్ల్యూ-30 అప్పటికి మళ్లీ పనికొస్తుంది, మూత గట్టిగా పెట్టి ఎండ తగలని చోట ఉంచండి.